తిరుపతిలో ఎనభై ఎనిమిది చింతగింజలు

మాఘమాసంలో రెండో మంగళవారం, తెల్లవారి అయిదుంబావుకి, సత్యవేడు బస్టాండులో నేనూ నా పెళ్ళాం రాజమ్మా తిరుపతి బస్సెక్కాం. పోయింది దేవుడి కోసం కాదు. ఈ మాట ముందే చెప్పెయ్యడం మంచిది. తిరుపతి పోయొచ్చానంటే చాలు, మా ఊళ్ళో ముందు లడ్డూకి చెయ్యి చాస్తారు, తర్వాత క్షేమం అడుగుతారు. లడ్డూ తేలేదు. కొండ ఎక్కలేదు. కింద ఊళ్ళోనే రెండు రోజులుండి వచ్చాం. ఎందుకు పోయామో చెబితే మా ఊళ్ళో సగం మంది నమ్మలేదు, మిగతా సగం మందికి అర్థం కాలేదు. అందుకని రాస్తున్నాను.

సత్యవేడు

రాజమ్మకి నాలిక పక్కన పుండు లేచింది. క్యాన్సరన్నారు. కోశారు. తర్వాత కరెంటు పెట్టారు. యంత్రం కింద పడుకోబెట్టి కిరణాలు కొట్టడానికి డాక్టర్లు ఇంకేదో పేరు చెబుతారు గాని, ఆస్పత్రి వరండాలో కూర్చునేవాళ్ళం మేమంతా దాన్ని కరెంటు అనే అంటాం. రోగం పోయిందన్నారు. రోగంతోపాటు రుచి కూడా పోయింది. ఏం పెట్టినా తుప్పు నాకినట్టుందంటుంది. బియ్యం బస్తా ఎత్తి నెత్తిన పెట్టుకునే మనిషి, ఇప్పుడు బస్సు మెట్టు ఎక్కడానికి నా భుజం పట్టుకుంటుంది. పోయిన తడవ చూపించడానికి పోతే, ఇట్లాగే తిండి లేకుండా ఉంటే వచ్చేసారికి ముక్కులోంచి గొట్టం వేసి పాలు పోయాల్సి వస్తుందన్నారు. ఆ వచ్చేసారి ఇంకో వారంలోనే ఉంది. గొట్టం మాట విన్న దగ్గర్నుంచి రాజమ్మ నాతో అవసరమైన దానికి మించి ఒక్క మాట మాట్లాడలేదు.

ఇదంతా ఒకెత్తు, నా తిండి ఒకెత్తు. నాకు కారం లేకుండా ముద్ద దిగదు. ఆమెకి మిరపకాయ వాసన తగిలితేనే నోరంతా మండుతుంది. తినలేని మనిషి ఎదురుగా కూర్చుని, రాగి సంగటిలో మిరపకాయలేసి నూరిన చెనక్కాయల ఊరిబిండి నంజుకుని చప్పరించడం నాకు చేతకాలేదు. అందుకని ఇంట్లో తినడం మానేశాను. ఆమెకి అంబలి కాచి చేతికిచ్చి, "మోటరు సూసొస్తా" అని కండువా దులుపుకుని రోడ్డు మీది టీ అంగడికి పోయేవాణ్ణి. అక్కడ తిని, నోరు రెండుసార్లు పుక్కిలించి, పొలం నుంచి వచ్చినట్టు కాళ్ళు కడుక్కుని ఇంట్లోకి వచ్చేవాణ్ణి. ఇది మర్యాద అనుకున్నాను. ఊళ్ళో కూడా మెచ్చుకున్నారు.

ఇట్లా ఉండగా ఆస్పత్రి వరండాలో కీర్తన అనే ఒక అమ్మాయి మా ఫోను నంబరు రాసుకుంది. పదిరోజులకి ఫోను చేసింది. తిరుపతిలో ఒక కూటం పెడుతున్నారట. క్యాన్సరు మీద దేశంలో ఇక ముందు ఏయే పరిశోధనలు చెయ్యాలి, వాటిలో ఏది ముందు, ఏది వెనక అనేది రోగులూ, వాళ్ళతో తోడుండేవాళ్ళూ చెప్పాలట. నాకు నవ్వొచ్చింది. మా వీధిలో కొళాయి ఎక్కడ పెట్టాలో కూడా నన్ను ఎవరూ అడగలేదు. అయినా ఒప్పుకున్నాను. నాకు ఒకటే ఆశ. నోరు కాలిన మనిషి ఏం పెడితే తింటుంది, రుచి ఎప్పుడు తిరిగొస్తుంది అని అంతమంది డాక్టర్ల మధ్య అడిగితే, ఒక్కరైనా చెప్పకపోతారా అని. గొట్టం తప్పితే చాలు.

కండక్టరు రాజమ్మ ఆధార్ కార్డు చూసి సున్నా టికెట్టు ఇచ్చాడు. నా దగ్గర నిండు ధర తీసుకున్నాడు. ఆడవాళ్ళకి బస్సు ఉచితం కదా. "నువ్వు గూడా చీర కట్టుకోని వచ్చింటే సరిపోయుండును పెద్దాయనా" అన్నాడు. ముందు సీటులోని ఆడవాళ్ళు నవ్వారు. రాజమ్మ కిటికీ వైపు తిరిగింది.

పుత్తూరు

నాకు అక్షరాలు యాభై దాటినాక వచ్చాయి. ఆలస్యంగా విస్తరి పడినవాడికి ఆకలెక్కువ. కనిపించిన బోర్డునల్లా చదవకుండా ఉండలేను, అదీ పైకే చదువుతాను. నాగలాపురం దాటినాక ఎరువుల అంగడి, పిచ్చాటూరులో కల్యాణమంటపం, నారాయణవనం మలుపులో ఒక ఇటికల బట్టీ, అన్నీ చదువుకుంటూ వచ్చాను. మామూలు రోజుల్లో అయితే రాజమ్మ "నోరు మూసుకో అయ్యా, బస్సంతా ఇంటా ఉండారు" అనేది. ఆ రోజు అదీ అనలేదు. తిట్టు లేని ప్రయాణం చప్పగా ఉంటుందని అప్పుడే తెలిసింది.

పుత్తూరులో బస్సు పావుగంట ఆపారు. టీ పదిహేను రూపాయలు. మా ఊళ్ళో పది. ఆ అయిదు రూపాయలు దేనికని అడిగితే, టీ మాస్టరు "ఇది హైవే" అన్నాడు. రాజమ్మ టీ నోట్లో పెట్టుకుని ఉమ్మేసింది. ఇడ్లీ వద్దంది. ఆమె వద్దన్నాక నేనెట్లా తినేది. ఆకలితోనే ఊరంతా చూశాను.

పుత్తూరంటే తెలియనివాళ్ళు ఉండరు. చెయ్యి విరిగినా కాలు విరిగినా ఎక్కడెక్కడి నుంచో ఇక్కడికే వచ్చి కట్టు కట్టించుకుంటారు. బెంచీ మీద మా పక్కన ఒకాయన మోచేతికి కొత్త కట్టుతో కూర్చుని ఉన్నాడు. మామిడిచెట్టు మీదినుంచి పడ్డాడట. అది కాపు కాలం కూడా కాదు, చెట్టెక్కి ఏం చేస్తున్నాడో నేను అడగలేదు. ఆయన మాత్రం అన్నీ అడిగాడు. మేము ఎక్కడికి, ఎందుకు, ఈమెకేమి రోగం. చెప్పాను.

"ఎముక ఇరిగితే పుత్తూరు ఉండాది. ఈ రోగానికి యా ఊరికి పోవాల్నో ఇంకా ఎవురూ కనిపెట్టలేదా?" అన్నాడు.

"ఏది కనిపెట్టాల్నో చెప్పమని మమ్మల్ని పిలిచినారు."

ఆయన కట్టు మీద గోక్కున్నాడు. "అంటే ఇన్నాళ్ళూ ఏది కనిపెట్టాల్నో తెలీకుండానే కనిపెడతా ఉన్నారా?"

ఇది మంచి ప్రశ్న. కూటంలో అడుగుదామనుకుని మరిచిపోయాను. ఆయన పోతూపోతూ వేపాకు నూరి తేనెలో కలిపి పెట్టమని రాజమ్మకి వైద్యం చెప్పి పోయాడు. క్యాన్సరు వచ్చినవాళ్ళకి దారిలో ఖర్చు లేకుండా దొరికేది వైద్యం ఒక్కటే.

తిరుపతి: సత్రం

మమ్మల్ని ఒక సత్రంలో దించారు. గదిలో రెండు మంచాలు, ఒక ఫ్యాను, గోడ మీద ఏమేమి చెయ్యకూడదో పద్ధతిగా రాసిన బోర్డు. అంతా చదివాను. వంట చెయ్యకూడదు, మేకులు కొట్టకూడదు, జుట్టు కాలువలో వెయ్యకూడదు. ఈ చివరిది తిరుపతిలో తప్ప ఇంకో ఊళ్ళో రాయరు.

పక్కగదిలో చిత్తూరు నుంచి వచ్చిన కమలా, వాళ్ళ అత్త నాగమ్మా ఉన్నారు. వాళ్ళు కూడా మా కూటానికే వచ్చారు. కమల కుట్టుపని చేస్తుంది. రొమ్ము తీసేశారు, మందు ఎక్కించారు, జుట్టు మొత్తం ఊడిపోయింది. చిత్తూరులో కొంగు తలమీద నుంచి తియ్యదట. తిరుపతిలో దిగీ దిగంగానే కొంగు తీసేసి తిరుగుతోంది. ఈ ఊళ్ళో గుండు చూసి జాలిపడేవాడు లేడు. వీధికి నూరు గుండ్లు. సాయంత్రం నలుగురమూ నడుచుకుంటూ పోతుంటే, గుండ్లకి గంధం పూసేవాడొకడు గిన్నె పట్టుకుని కమలకి అడ్డం వచ్చాడు. నెత్తి చల్లగా ఉంటుంది, ఇరవై రూపాయలే అన్నాడు. పూయించుకుంది. వాడు పూస్తూ పూస్తూ దర్శనం ఎట్లా అయిందని అడిగాడు.

"బాగనే అయిందన్నా. పొద్దన్నించి లైన్లో నిలబెట్టినారు. లోపలికి పోతే ఒక్క నిమిషం. జరుగు జరుగు అన్నారు. వచ్చేసినా" అంది కమల.

ఆమె చెప్పేది పెద్ద డాక్టరు గది గురించని మా నలుగురికే తెలుసు. వాడు భక్తిగా తల ఊపాడు. నాగమ్మ కొంగు నోట్లో కుక్కుకుని నవ్వింది. రాజమ్మ కూడా పెదవి కదిలించింది. నాకు కడుపులో కాస్త చల్లగా అనిపించింది. ఆ ధైర్యంతో సత్రంలో ఇచ్చిన జావ ఆమె చేతికిచ్చి, తాగమని చెప్పి, నీళ్ళ సీసా తెస్తానని బయటికి పోయాను. మూలమీద ఊతప్పం, ఎర్రకారం. అరవై రూపాయలు. సీసా తేవడం మరిచిపోయాను. తిరిగొచ్చేసరికి జావ అట్లాగే ఉంది, మీగడ కట్టి. ఆమె గోడవైపు తిరిగి పడుకుని ఉంది.

హాలు

బుధవారం పొద్దున హాల్లో మాకు తలా ఒక గుడ్డ సంచీ ఇచ్చారు. దాంట్లో ఒక పెన్ను, ఒక పుస్తకం, మెడలో వేసుకునే పేరు బిళ్ళ. రోగుల బిళ్ళకి పచ్చ తాడు, తోడు వచ్చినవాళ్ళ బిళ్ళకి నీలం తాడు. రాజమ్మ తన తాడు తీసి సంచీలో వేసేసింది. తెలిసిందే కదా, మళ్ళా తాడెందుకన్నట్టు.

రోగులు అయిదుగురు, తోడు అయిదుగురు. మేము ఇద్దరం, కమలా అత్తా కాక ఇంకా మూడు జంటలు. సూళ్లూరుపేట నుంచి లారీ తోలే సుబ్రమణ్యం, ఆయన తమ్ముడు చెంగయ్య. సుబ్రమణ్యానికి దవడ సగం తీసేశారు, ఆయన మాట తమ్ముడికి తప్ప ఎవరికీ అర్థం కాదు. పలమనేరు నుంచి మస్తాన్‌బీ, ఆమె భర్త ఖాదర్. తిరుపతిలోనే ఉండే శ్రీనివాసాచార్యులుగారు, ఆయన కూతురు వైదేహి. ఆచార్యులుగారు గుడి ఆఫీసులో చేసి దిగిపోయినాయన, కడుపులో కోత పడింది. ఇంతమంది మీదికి ఒక డాక్టరు, మమ్మల్ని పిలిచిన కీర్తన.

డాక్టరు చిన్నవాడే, మంచివాడే. ప్రశ్నలు మీవి, తేల్చేది మీరు, మేము వింటాం అన్నాడు. అని ముప్పావుగంట ఆయనే మాట్లాడాడు. గోడ మీద బొమ్మలు వేశాడు. ముందు ప్రశ్న ఎంచుకోవాలి, తర్వాత దానికి డబ్బు అడగాలి, తర్వాత అనుమతులు, తర్వాత పరిశోధన, తర్వాత జవాబు.

అప్పుడు నేను లేచి నా ప్రశ్న అడిగాను. నాలిక మీద కరెంటు పెట్టిన మనిషికి ఏం పెడితే దిగుతుంది, రుచి ఎప్పుడొస్తుంది. చాలా మంచి ప్రశ్న అన్నాడు. కీర్తన రాసుకుంది. నేను నిలబడే ఉన్నాను. కూర్చోండి పెద్దాయనా అన్నాడు.

"జవాబు సెప్తే కూసుంటాను సార్."

జవాబు ఇప్పుడు రాదట. ఈ ప్రశ్నకే మొదటి వరస దొరికినా, జవాబు రావడానికి అయిదారేళ్ళు పడుతుందట.

"మా ఆమెకి గొట్టం వచ్చే మంగళవారం సార్" అన్నాను.

ఆయన ముఖం చిన్నబోయింది. ఇక్కడ అడిగే ప్రశ్నలు మీ కోసం కాదు, మీ తర్వాత వచ్చేవాళ్ళ కోసం అని మెల్లగా చెప్పాడు. అట్లయితే తర్వాత వచ్చేవాళ్ళనే పిలిచి ఉండాల్సింది అన్నాను. నా చొక్కా అంచు పట్టి ఎవరో కిందికి లాగారు. రాజమ్మే.

తర్వాత ఒక్కొక్కరినీ కదిలిస్తూ కీర్తన ప్రశ్నలు పోగుచేసింది. చెయ్యి వాస్తా ఉండాది, కుట్టుమిషను మళ్ళా ఎప్పుడు తొక్కాల అని కమల. నొప్పికి ఇచ్చే మాత్ర అలవాటైపోతుందని ఇంట్లోవాళ్ళు వెయ్యనివ్వరు, నిజమేనా అని మస్తాన్‌బీ. రోజూ కరెంటు కోసం ఇంతదూరం రావాలా, ఆ మిషనే పలమనేరుకి రాలేదా అని ఖాదర్. ఈ మందుతోపాటు కషాయం తాగవచ్చునా, డాక్టర్లు అడిగితే కోప్పడతారు కనుక అడగకుండా తాగుతున్నామని ఆచార్యులుగారు. సుబ్రమణ్యం ఏదో అన్నాడు. నా మాట మళ్ళీ నలుగురికీ అర్థమయ్యేట్టు ఎట్లా చేస్తారని అడుగుతున్నాడని తమ్ముడు చెప్పాడు. ఆ మాట తీరు విన్నాక తమ్ముడు చెప్పాల్సిన పని లేకపోయింది. రాజమ్మని అడిగేసరికి టీ వేళయింది.

నాకు ముందురాత్రి ఊతప్పం ఎప్పుడో అరిగిపోయింది. టీతో ఇచ్చిన బిస్కెట్టు రాజమ్మ ముట్టలేదు, కనుక నేనూ ముట్టలేదు. లేచి కండువా దులుపుకుని, "మోటరు సూసొస్తా" అన్నాను.

అన్నాక గుర్తొచ్చింది, నేనున్నది తిరుపతిలో. మోటరు లేదు, బావి లేదు, పొలం లేదు. రాజమ్మ నన్ను కిందినుంచి పైకి చూసింది. "సూసిరా" అంది.

బజ్జీల బండి

హాలు వెనక సందులో బజ్జీల బండి ఉంది. మిరపకాయ బజ్జీ ప్లేటు నలభై. మిరపకాయ చీల్చి లోపల వాము, చింతపండు పెట్టి, పైన ఉల్లిపాయ ముక్కలు చల్లి ఇస్తాడు. సత్యవేడులో ఈ ఉల్లిపాయ వేషాలు లేవు, బజ్జీ అంటే బజ్జీయే. మొదటిది కొరికి తలెత్తేసరికి బండికి అవతలి పక్క సుబ్రమణ్యం తమ్ముడు చెంగయ్య నోటినిండా బజ్జీతో నిలబడి ఉన్నాడు. నన్ను చూసి ఫోను చెవి దగ్గర పెట్టుకున్నాడు. ఫోను మాట్లాడొస్తానని చెప్పి వచ్చాడన్నమాట. ఆయన వెనక ఖాదర్, బస్సు టైము కనుక్కొస్తానని వచ్చినవాడు, చట్నీ ఇంకొంచెం అడుగుతున్నాడు. ఇంకో నిమిషానికి ఆచార్యులుగారి కూతురు వైదేహి వచ్చింది. పూలు కొనుక్కొస్తానని చెప్పిందట. ఉల్లిపాయ వెయ్యవద్దని బండివాడికి మెల్లగా చెప్పి, గోడవైపు తిరిగి తిన్నది.

ఎవరినీ ఎవరూ పలకరించలేదు. మాట్లాడకుండా తిన్నాం, నీళ్ళు పుక్కిలించాం, ఒకరి తర్వాత ఒకరం కొంచెం ఎడంగా హాలుకి నడిచాం. దొంగతనం చేసినవాళ్ళు కూడా కలిసి పోతూ ఇంకాస్త మాట్లాడుకుంటారు.

ఎనిమిది గిన్నెలు

లోపలికి పోయేసరికి బల్లమీద ఎనిమిది స్టీలు గిన్నెలు వరసగా పెట్టి ఉన్నాయి. చదువు రానివాళ్ళు కూడా ఉంటారని కీర్తన ఒక్కొక్క గిన్నె ముందర ఒక్కొక్క బొమ్మ గీసి పెట్టింది. కుట్టుమిషను కమలది. మాత్ర మస్తాన్‌బీది. బస్సు ఖాదర్‌ది. కషాయం గిన్నె ఆచార్యులుగారిది. నోరు సుబ్రమణ్యానిది. చెంచా నాది. రోగం మొదట్లోనే పట్టుకునే పరీక్ష కావాలని డాక్టరే ఒక ప్రశ్న పెట్టాడు, దానికి భూతద్దం. ఎనిమిదో బొమ్మలో ఒక కంచం, వీపు తిప్పి కూర్చున్న మగమనిషి. ఇదెవరిదమ్మా అంటే, టీ వేళలో ఒకావిడ చెప్పింది తాతా అంది కీర్తన. రోగి తినలేనప్పుడు తోడున్నవాళ్ళు ఎట్లా తినాలి అనేది ప్రశ్నట. ఇదేం ప్రశ్నమ్మా, నోటితో తింటారు అన్నాను. అన్నాక నోరు తుడుచుకున్నాను.

తలా ఎనిమిది చింతగింజలు ఇచ్చారు. ఏ ప్రశ్న ముఖ్యమనుకుంటే ఆ గిన్నెలో ఎన్ని కావాలంటే అన్ని వెయ్యవచ్చు. ఇష్టమైతే ఎనిమిదీ ఒకదాంట్లోనే. డాక్టరుకి కూడా ఎనిమిది. అడిగినవాళ్ళు వాళ్ళ వాళ్ళ గిన్నె పక్కన నిలబడి నలుగురికీ వివరం చెప్పాలి. ఎనిమిదో గిన్నె పక్కన ఎవరూ నిలబడలేదు.

ఆ పద్ధతి పెట్టినవాళ్ళు మా పక్క మనుషుల్ని ఎప్పుడూ చూసి ఉండరు. మొదట నాగమ్మ పోయింది. కోడలి గిన్నెలో ఒక గింజ వేసి దండం పెట్టింది. పక్కన మస్తాన్‌బీ నిలబడి ఉంది, ఆమె ముందర ఒకటి. ఖాదర్ ముందర ఒకటి. అట్లా ఎనిమిదీ తిరిగి చేతులు దులుపుకుని వచ్చి కూర్చుంది. కీర్తన కంగారుపడి, అవ్వా, అన్నిటికీ సమంగా వెయ్యకూడదు, ముఖ్యమైనదానికే ఎక్కువ వెయ్యాలంది.

"గుడికి పోతే అన్ని సన్నిధుల్లోనూ రూపాయి ఎయ్యమా తల్లీ? ఒక సామికి ఏసి ఇంకో సామి ముందర చెయ్యి మూసుకోని పోతే బాగుంటాదా?" అంది నాగమ్మ.

ఆమె తర్వాత పోయినవాళ్ళందరూ అంతే. నేను మాత్రం గట్టిగా అనుకునే లేచాను. ఎనిమిదీ నా చెంచాకే వెయ్యాలి. మొదటి వరస దొరకాలి. అయిదారేళ్ళు కాదు, ఈ డాక్టరు సిగ్గుపడి రేపే ఎవరినో ఒకరిని అడిగి చెప్పాలి. కాని నా చెంచా వరసలో ఆరోది. దానికి ముందు అయిదుగురు నిలబడి ఉన్నారు. కమల ఎడంచేత్తో వాచిన కుడిచెయ్యి పట్టుకుని నా చేతికేసి చూసింది. సుబ్రమణ్యం సగం దవడతో నవ్వాడు. ఆ మనిషి ముందర పిడికిలి మూసుకుని ఎవరైనా పోగలిగితే పోనీ, నేను పోలేకపోయాను. చెంచా దగ్గరికి వచ్చేసరికి చేతిలో మూడు గింజలు మిగిలాయి. నా గిన్నెకి ఒకటి. భూతద్దం పక్కన డాక్టరు చిన్నపిల్లవాడిలా నిలబడి ఉన్నాడు, ఆయనకి ఒకటి. ఎనిమిదో గిన్నె దగ్గర అడిగే దిక్కు లేదు, పాపమని దానికీ ఒకటి. డాక్టరు వంతు వచ్చింది. చదువుకున్నవాడు, లెక్క తెలిసినవాడు. ఆయన కూడా వరసగా ఒక్కొక్కటే వేసుకుంటూ పోయాడు.

పదిమంది అయ్యేసరికి ఎనిమిది గిన్నెల్లోనూ సమానంగా పదేసి గింజలు. కీర్తన ముఖంలో నెత్తురు లేదు. ఇంత దూరం నుంచి మనుషుల్ని పిలిచి, సంచులిచ్చి, తాళ్ళు కట్టి, చివరికి దేశంలో అన్ని ప్రశ్నలూ సమానమే అని రాసి పంపాలి.

రాజమ్మ ఒక్కతే మిగిలింది. లేచింది. నన్ను చూడలేదు. కమల ముందర నుంచి, మస్తాన్‌బీ ముందర నుంచి, సుబ్రమణ్యం ముందర నుంచి పిడికిలి మూసుకునే నడిచింది. నా చెంచా ముందర కూడా ఆగలేదు. చివరికి పోయి ఎనిమిదో గిన్నెలో పిడికిలి తెరిచింది. ఎనిమిది గింజలూ ఒకేసారి పడ్డాయి. స్టీలు గిన్నె కదా, హాలంతా వినిపించింది.

ఎందుకమ్మా అన్నీ అందులోనే అని డాక్టరు అడిగాడు. రాజమ్మకి మాట కొంచెం ముద్దగా వస్తుంది. అందుకని మెల్లగా, ఒక్కొక్క మాటా పేర్చి చెప్పింది.

"మా ఆయన నాకు అంబలి ఇచ్చి, మోటరు సూసొస్తా అని పోతాడు సార్. దినమూ అంతే. మా మోటరు కాలిపోయి అమ్మేసినాము. యాడ ఉండాది మోటరు? తినేదానికి పోతాడు. నాకు తెలుసు. ఇంతకుముందు కూడా ఈడ్నే పోయొచ్చినాడు, మీసానికి శెనగపిండి ఉండాది సూడండి."

అందరూ నా మీసం చూశారు. చెంగయ్య తన మీసం తడుముకున్నాడు.

"నేను గోడకి మొగం పెట్టుకోని ఒకదాన్నే కూసోని అంబలి తాగాల. ఎట్లా దిగతాది సార్? ఎదురుగ్గా మనిషి తింటా ఉంటే కదా, తినేది అనేది ఒకటుందని గ్యాపకం వచ్చేది. కారమైతే కారం. వాసనకు నోరు మండితే కొంచిం దూరంగా కూసుంటాను. ఇంట్లో తినమనండి. ఏది పెడితే తింటాది అని మిమ్మల్ని అడగతా ఉండాడు. ఎవురితో పెడితే తింటాది అని అడగలేదు."

ఖాదర్ నేలచూపులు చూశాడు. వైదేహి చేతిలో పూలు లేవని వాళ్ళ నాయనకి అప్పుడే కనిపించినట్టుంది. డాక్టరు, ఇది పరిశోధనకి పనికొచ్చే ప్రశ్న అవునో కాదో పెద్దవాళ్ళతో మాట్లాడాలన్నాడు. ఆచార్యులుగారు లేచి, గింజలు లెక్కపెట్టండి నాయనా, మిగతావి పదేసి, అది పద్దెనిమిది, మీరు పెట్టిన పద్ధతే కదా అన్నారు. డాక్టరు లెక్కపెట్టాడు. రెండోసారి కూడా లెక్కపెట్టాడు. కీర్తన రాసింది. అట్లా, దేశం మొట్టమొదట తేల్చవలసిన విషయం నా బజ్జీ అయింది. ఆ కాగితం ఎక్కడికో పోయింది. పెద్ద పెద్దవాళ్ళు దాన్ని చదువుతూ ఉంటారు. జవాబుకి అయిదారేళ్ళు పడుతుంది.

పంక్తి

మధ్యాహ్నం భోజనాలు రెండుచోట్ల ఏర్పాటు చేశారు. తినగలిగినవాళ్ళకి హాల్లో అరిటాకులు. తినలేనివాళ్ళకి వెనకగదిలో మెత్తటి ఆహారం, గ్లాసుల్లో. చూసి బాధపడకుండా ఉండాలని. వాళ్ళ మర్యాదా నా మర్యాదా ఒకటే బడిలో చదువుకున్నట్టున్నాయి.

నేను ఆకు ముందర కూర్చుని సాంబారు పోయించుకున్నాను. పప్పు, బీన్సు పొరియలు, మామిడికాయ ఊరగాయ. ఊరగాయ వద్దందామని చెయ్యి అడ్డం పెట్టాను. అప్పుడు వెనకగది తలుపు తీసుకుని రాజమ్మ వచ్చింది. ఒక చేతిలో అంబలి గ్లాసు, ఇంకో చేత్తో కుర్చీ ఈడ్చుకుంటూ. నా ఎదురుగా వేసుకుని కూర్చుంది. ఆమె వెనక కమల వచ్చింది. సుబ్రమణ్యం గ్లాసు, గొట్టం లాంటి స్ట్రా పట్టుకుని వచ్చాడు. మస్తాన్‌బీ, ఆచార్యులుగారు. వడ్డించేవాడు ఏం చెయ్యాలో తెలియక బకెట్టు పట్టుకుని నిలబడ్డాడు.

"ఊరగాయ ఎయ్యి నాయనా ఆయనకి. అది లేకుండా తినడు" అంది రాజమ్మ.

వేశాడు. కలుపుకున్నాను. ముద్ద నోటిదాకా పోలేదు.

"తిను. సూస్తా ఉంటాను."

తిన్నాను. ఊరగాయ ఘాటు ఆమెదాకా పోయింది, కళ్ళల్లో నీళ్ళొచ్చాయి, కుర్చీ కొంచెం వెనక్కి జరుపుకుంది. లేవలేదు. నేను ఒక ముద్ద తింటే ఆమె ఒక గుక్క. తుప్పు మాదిరే ఉండాదని మధ్యలో ఒకసారి చెప్పింది. చప్పుడు చెయ్యకుండా తినమని ఇంకోసారి చెప్పింది. ఎన్నో రోజుల తర్వాత పడిన తిట్టు. ఆమె గ్లాసు అడుగు కనిపించేదాకా నేను మళ్ళీ మళ్ళీ అన్నం పెట్టించుకుంటూనే ఉన్నాను. కడుపు పట్టలేదు, అయినా ఆపలేదు.

గొట్టం సంగతి వచ్చే మంగళవారం తేలుతుంది. ఆమె నోటికి రుచి వచ్చిందని నేను రాయను, రాలేదు.

ఆ బుధవారం మధ్యాహ్నం ఆ పంక్తిలో ఉన్నవాళ్ళు వీళ్ళు. చిత్తూరు కమల, ఎదురుగా ఆమె అత్త నాగమ్మ. సూళ్లూరుపేట సుబ్రమణ్యం, ఎదురుగా తమ్ముడు చెంగయ్య. పలమనేరు మస్తాన్‌బీ, ఎదురుగా ఖాదర్. తిరుపతి శ్రీనివాసాచార్యులుగారు, ఎదురుగా కూతురు వైదేహి. పొద్దుటినుంచీ మా అందరి పేర్లూ అడిగి, తన పేరు చెప్పడం మరిచిపోయిన డాక్టరు. ఆయన ఎదురుగా ఎవరూ లేకపోతే, కీర్తన తన ఆకు తీసుకుని పోయి అక్కడ కూర్చుంది. సత్యవేడు రాజమ్మ. ఎదురుగా ఆమె మొగుడు మునిరత్నం, అంటే నేను.